నాన్న నవ్విన ఎండాకాలం

మా నాన్న ఏ ఊరు వెళ్ళినా ముందు అక్కడ ఒక మోసీ జాతివాణ్ణి వెతుక్కుంటాడు. మేం సామో జాతివాళ్ళం. మా సామోలకీ మోసీలకీ తాతల కాలం నుంచి పరాచికాల చుట్టరికం ఉంది. ఒకణ్ణొకడు బానిస అనొచ్చు, దొంగ అనొచ్చు, నెత్తిమీద టోపీ లాక్కుపోవచ్చు. ఎవరికీ కోపం రాకూడదు. వస్తే నవ్వులపాలయ్యేది కోపం వచ్చినవాడే. మా దేశ రాజధాని వాగదూగు నిండా మోసీలే కాబట్టి నాన్నకి అక్కడ ఊరంతా బావమరుదులే. ఏటా కోతలయ్యాక నన్ను చూడ్డానికి వచ్చేవాడు. బస్సు దిగి నా గదికి చేరేలోపు పదిమందిని తిట్టి, పదిమందితో తిట్టించుకుని, జాతర చూసొచ్చినవాడిలా వెలిగిపోతూ గుమ్మంలో నిలబడేవాడు.

ఆ ఏడు కోతలయ్యాక రాలేదు. ఎండలు బాగా ముదిరాక, మార్చి చివర్లో వచ్చాడు. వెంట అమ్మ కూడా ఉంది. అప్పటికే తమ్ముణ్ణి పూడ్చేశాం. ఆ వేడిలో శవాన్ని వాళ్ళొచ్చేదాకా ఉంచడం కుదరదని ఆసుపత్రివాళ్ళు చెప్పేశారు. బస్టాండులో అమ్మ నన్ను పట్టుకోలేదు, ఏడవలేదు. "ఎక్కడ పెట్టారు?" అని మాత్రం అడిగింది. అటునుంచి అటే శ్మశానానికి తీసుకెళ్ళాను. ఎర్రదుమ్ము అప్పుడే మట్టిదిబ్బనీ పక్క దిబ్బల్నీ ఒకే రంగు చేసేసింది. నేను చెయ్యి చూపిస్తే తప్ప ఏది మావాడిదో తెలియలేదు.

మా తమ్ముడి పేరు బాసిల్. పొలం పనులు అయిపోగానే మా ఊళ్ళ మగపిల్లలంతా చేసే పనే వాడూ చేసేవాడు. రాజధానికొచ్చి ఇళ్ళ కట్టుబడిలో కూలికి చేరి, వానలు పడగానే తిరిగి వెళ్ళేవాడు. నా గదిలోనే పడుకునేవాడు. రోడ్డుపక్క వేపచెట్టు కింద నేను బండి పెట్టి బొబ్బర్లూ అన్నమూ అమ్ముతాను, మధ్యాహ్నం అక్కడే తినేవాడు. ఆ ఏడు జుంగ్రానా అనే కాంట్రాక్టరు దగ్గర కుదిరాడు. అద్దెలకివ్వడానికి మూడంతస్తుల ఇల్లు కడుతున్నారు, మా పేటకి దగ్గర్లోనే.

ఎండాకాలం వస్తే మా పేట కుళాయిలు దగ్గుతాయి, అంతే. వచ్చే నీళ్ళు ఏ అర్ధరాత్రో వస్తాయి. ఆడవాళ్ళం పీపాలు వరసలో పెట్టి పక్కనే చాపేసుకుని పడుకుంటాం. తాగడానికే అలా ఉంటే, కొత్తగా పోసిన శ్లాబు గట్టిపడేలా దాని మీద నీళ్ళు కట్టేదెవరు? నీళ్ళబండి వాడి దగ్గర పీపాలు కొని పొయ్యాలి. జుంగ్రానా కొనలేదు. "అక్కా, మేం మొహం కడుక్కున్న నీళ్ళు కూడా శ్లాబు మీదే పోస్తున్నాం," అన్నాడు బాసిల్ ఒకరోజు, బొబ్బర్లలో నూనె కలుపుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వేశాను.

తర్వాత జుంగ్రానాకి ఇంకోచోట ఇంకో శ్లాబు కింద పెట్టడానికి సెంట్రింగు పలకలు కావలసి వచ్చాయి. ఆరీ ఆరని శ్లాబు కింద దాన్ని మోసే పలకలూ గుంజలూ విప్పెయ్యమన్నాడు. విప్పారు. అది కూలింది. కింద మా బాసిల్ ఉన్నాడు.

పొద్దు కుంకేసరికి పేటంతా ఒకటే మాట. సామో కుర్రాడు పొద్దున్నే దోలో అనే జొన్నకల్లు తాగి వచ్చి, తూలి, గుంజలు తన్నేశాడట. ఆ మాట జుంగ్రానా పోలీసులతో అన్నాడు, ఇంటి యజమానితో అన్నాడు, ఆసుపత్రి గేటు దగ్గర నాతోనూ అన్నాడు. బాధపడుతున్నట్టు మొహం పెట్టి, మెల్లగా అన్నాడు. అక్కడే వాడి గొంతు పిసకనందుకు నాకిప్పటికీ మంటే.

మా అమ్మ ఊళ్ళో దోలో కాస్తుంది. జొన్నలు మొలకెత్తించి, పెద్ద కుండల్లో రెండు రోజులు కాచి, సంతరోజు అమ్ముతుంది. ఊరంతా తాగుతుంది. తాగనివాడు ఒక్కడే, మా బాసిల్. చిన్నప్పటినుంచీ ఆ వాసనకే వాడికి కడుపులో తిప్పేది. కుండ దించేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి సాయం పట్టేవాడు. ఈ సంగతి మా ఊళ్ళో రాళ్ళకి కూడా తెలుసు. వాగదూగులో ఎవరికి తెలుసు? దోలో కాసేదాని కొడుకు తాగడంటే ఎవరు నమ్ముతారు?

అమ్మానాన్నలు వచ్చిన రాత్రి నేను సంకటి కెలికి, గోంగూర పులుసు పోసి పెట్టాను. నాన్న నాలుగు ముద్దలు మింగాడు. అమ్మ చెయ్యి కడుక్కుని కూర్చుంది గానీ గిన్నె ముట్టుకోలేదు.

"వాడు రావాలి," అంది.

"ఎవరు?" అన్నాడు నాన్న.

"ఆ జుంగ్రానా. వాడొచ్చి అందరి ముందూ చెప్పాలి, నా బిడ్డ తాగలేదని. ఇంకేం అడగను. జైలుకి పంపమని అడగను, నష్టపరిహారం అడగను. నా బిడ్డ తాగలేదు అని ఆ నోటితోనే చెప్పాలి."

"చెప్పిస్తాను," అన్నాడు నాన్న.

అమ్మ అప్పుడు తినడం మొదలుపెట్టింది.

మర్నాడు ముగ్గురం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. వరండాలో జనం గోడ నీడకి అతుక్కుని నిలబడ్డారు. నీడ జరిగినకొద్దీ వాళ్ళూ జరుగుతున్నారు. బల్ల వెనక మోసీ ఆఫీసరు ఒకాయన టోపీతో విసురుకుంటున్నాడు. నాన్న గుర్తింపు కార్డు తీసుకుని చూసి, నాన్ననీ ఎగాదిగా చూశాడు.

"ఇంటిపేరు పారే. అంటే సామోవి."

"నీ యజమానిని," అన్నాడు నాన్న. "లేచి నిలబడు."

వరండాలో అందరూ ఇటు తిరిగారు. ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ జవానుని కేకేశాడు. "కుర్చీ వెయ్యవయ్యా, నా బానిస ఊరినుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. ఏరా, కుక్క తలకాయ తెచ్చావా? సామోలకి అది లేకపోతే ముద్ద దిగదుగా."

"తెచ్చాను. నీ మెడ మీద పెట్టాను, తడుముకో."

ఆఫీసరు పడీ పడీ నవ్వాడు. వరండాలో ఎండకి మాడుతున్నవాళ్ళు కూడా నవ్వారు. నాన్న కుర్చీలో కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "నా కొడుకు చచ్చిపోయాడు," అన్నాడు. అదే గొంతుతో అన్నాడు.

ఆఫీసరు నవ్వు ఆపి, టోపీ బల్ల మీద పెట్టాడు. మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఫిర్యాదు రాయించుకున్నాడు. "జుంగ్రానాని పిలిపిస్తాను. వాడు మా మోసీవాడే అయినా సరే. నాకు మాత్రం కళ్ళతో చూసినవాడు ఒకడు కావాలి. అతన్ని తీసుకురా తాతా," అన్నాడు. గేటుదాకా వచ్చి సాగనంపాడు.

బయటికొచ్చాక అమ్మ తలగుడ్డ సవరించుకుంటూ అంది. "కొడుకు చావు చెప్పడానికి వెళ్ళి నవ్వించి వచ్చావు."

"నవ్వించబట్టి కుర్చీ వేశాడు. లేకపోతే ఆ గోడకి చేరి సాయంత్రం దాకా నీడతోపాటు జరుగుతూ ఉండేవాళ్ళం."

అది నిజమే మరి. నాకూ ఆరోజు నాన్నని చూస్తే గర్వంగానే అనిపించింది. ఇక్కడ పన్నెండేళ్ళుగా ఉంటున్నాను. ఏ ఆఫీసుకెళ్ళినా నా మొహం చూసినవాడు లేడు.

కళ్ళతో చూసినవాడు దొరకడం కష్టం కాలేదు. ఆరూనా అని, బాసిల్‌తో కలిసి సిమెంటు మోసే మనిషి. ఇద్దరు పిల్లల తండ్రి. రెండురోజులాగి తనే నా బండి దగ్గరికి వచ్చాడు. అతని నుదుటి మీద దెబ్బ ఇంకా పచ్చిగానే ఉంది. అమ్మే అతనికి వడ్డించింది.

"ఇంకా పచ్చిగా ఉంది దొరా అని బాసిల్ చెప్పాడు పెద్దమ్మా," అన్నాడు ఆరూనా, తింటూ. "ఈ ఎండకి రాయైపోయి ఉంటుంది, విప్పండి అన్నాడాయన. విప్పాం. నాకు చప్పుడు వినపడింది, దూకాను. వాడు నాకంటే లోపలున్నాడు."

"తాగాడా నాయనా?"

ఆరూనా తల ఎత్తాడు. "ఆ పొద్దున మేమిద్దరం కలిసి గంజి తాగాం. జొన్న గంజి. ఒకే గిన్నెలో."

"ఈ మాట పోలీసుల ముందు చెప్తావా?"

"చెప్తాను."

అమ్మ ఇంకో గరిటెడు వేసింది. అతను వద్దంటున్నా ఇంకోటి వేసింది. ఆ సాయంత్రం పనంతా అయ్యాక మొదటిసారి నా ఒడిలో తల పెట్టి పడుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. నిద్రపోయింది.

ఆఫీసరు జుంగ్రానాకి కబురు పంపాడనీ, మంగళవారం రమ్మన్నాడనీ తెలిసింది. ఆ మంగళవారానికి ముందు ఆదివారం మధ్యాహ్నం నా గది ముందు వాకిట్లో చాపలు పరిచి ఉన్నాయి. చావు పలకరింపులకి వచ్చేవాళ్ళు ఇంకా వస్తూనే ఉన్నారు. ఇరుగుపొరుగువాళ్ళు ఓ ఇరవైమంది ఉంటారు. ఎవరో మామిడికాయలు తెచ్చారు. మాటలు లేక అందరూ అవే కోసుకుని ఉప్పద్దుకుని తింటున్నారు. అప్పుడు సందు చివర కారు ఆగిన చప్పుడు వినిపించింది. ఎవరూ దిగి రాలేదు. కాసేపటికి ఒక ముసలాయన ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు.

సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. తెల్లగడ్డం. మంచి ఇస్త్రీ బట్టలు. మెడకి మాత్రం మేకకి కట్టే పలుపు కట్టుకున్నాడు. దాని రెండో కొస తన చేత్తోనే పట్టుకుని తనని తానే లాక్కుంటూ వస్తున్నాడు.

"ఇక్కడ పారే అనే సామో ఎవడు?" అన్నాడు.

"నేనే," అన్నాడు నాన్న.

"నేను తాప్సోబాని. మోసీని. ఇదిగో, బానిసని అమ్మకానికి తెచ్చాను. ముసలిదే గానీ పళ్ళు గట్టివి, చూసుకో." నోరు తెరిచి చూపించాడు. రెండే పళ్ళున్నాయి.

జనంలో సన్నగా నవ్వు మొదలైంది. నాన్న నవ్వలేదు. దవడలు బిగించి కూర్చున్నాడు. నాకు అర్థమైపోయింది. మా రెండు జాతుల్లో పుట్టిన ప్రతివాడికీ అర్థమయ్యే సంగతే అది. తగువు ముదిరినప్పుడు పరాచికాల చుట్టాన్ని మధ్యకి పంపుతారు. ఆయన వచ్చి దుమ్ములో కూర్చుని, తనని తాను తగ్గించుకుని, పగ వదిలెయ్యమని అడుగుతాడు. ఆయన మాటకి నువ్వు నవ్వావంటే వదిలేసినట్టే. దాని తర్వాత మళ్ళీ తగువెత్తినవాణ్ణి మనిషి కింద లెక్కకట్టరు.

అమ్మ నా పక్కనే ఉంది. ఆమె వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి.

తాప్సోబా నడి వాకిట్లో దుమ్ములో చతికిలబడ్డాడు. ఇస్త్రీ బట్టలు ఎర్రగా అయిపోయాయి. తర్వాత వెల్లకిలా పడుకుని, భుజం మీది గుడ్డ మొహం మీద కప్పుకున్నాడు. "నేను చచ్చాను. ఏడవండి. సామోలు ఏడుస్తుంటే చూడాలని చిన్నప్పటినుంచీ నా కోరిక." కాసేపాగి గుడ్డ ఒక పక్కకి తొలగించి ఒంటికన్నుతో చూశాడు. "ఏడవడం కూడా మేమే నేర్పాలా మీకు?"

నవ్వులు పెద్దవయ్యాయి. పక్కింటి ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న మామిడి ముక్క చేతిలోనే పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు.

తాప్సోబా లేచి కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "పారే, పైనుంచి ఇప్పుడే వస్తున్నాను. నీ కొడుకుని చూశాను. అక్కడ కూడా మా మోసీలు గుర్రాల మీదే తిరుగుతున్నారు. మీవాడికి గుర్రాలకి మేత పెట్టే పని ఇచ్చారు. మంచి పిల్లాడు, కష్టపడతాడు. కానీ ఏం లాభం, గుర్రం తోక దగ్గర గడ్డి పెట్టుకుని నిలబడ్డాడు. పొద్దున్నుంచీ తినవే, తినవే అని బతిమాలుతున్నాడు. ఒరే అబ్బీ, తల ఆ చివర ఉందిరా అన్నాను. ఏమన్నాడో తెలుసా? కుక్క తలైతే గుర్తుపడతాను తాతా, గుర్రం తల నాకేం తెలుసు అన్నాడు."

అబద్ధమెందుకు, అది నవ్వొచ్చే మాటే. వాకిలంతా ఒక్కసారిగా గొల్లుమంది. ఆ గొల్లులోంచి ఇంకో నవ్వు, అందరికంటే గట్టిగా, కడుపులోంచి తన్నుకొచ్చింది. మా నాన్నది. మామిడి ముక్క జారి పడిపోయింది. రెండు చేతులూ తొడల మీద కొట్టుకుంటూ, వెనక్కి పడిపోతూ, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఎవరో "అయిపోయింది, దేవుడికి దణ్ణం," అన్నారు. సందు చివర కారు తలుపు తెరుచుకుంది. జుంగ్రానా వచ్చాడు. చెప్పులు గేటు బయట విప్పి, తలవంచుకుని వచ్చి, నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నాన్న ఇంకా ఆయాసపడుతూనే అతని తలమీద చెయ్యి పెట్టాడు. అంతవరకు వచ్చాక అది కూడా చెయ్యాలి.

"చెప్పమను," అంది అమ్మ.

గట్టిగా అనలేదు. అయినా అందరికీ వినిపించింది.

"ఏం చెప్పాలమ్మా?" అన్నాడు జుంగ్రానా, నేలచూపులు చూస్తూ.

"నా బిడ్డ తాగలేదని."

జుంగ్రానా తాప్సోబాకేసి చూశాడు. ముసలాయన దుమ్ము దులుపుకుంటూ, నిజంగానే బాధగా అన్నాడు. "తల్లీ, వదిలెయ్యడం అయిపోయింది. అయ్యాక తప్పు ఎవరిదీ ఏమిటీ అని అడక్కూడదు. నీకు నేను చెప్పాలా?"

అమ్మ నాన్నకేసి చూసింది. నాన్న మొహం తుడుచుకుంటున్నాడు. "ఊరుకో," అన్నాడు.

అమ్మ నా మణికట్టు వదిలేసి లేచి గదిలోకి వెళ్ళింది. గుమ్మానికి వేలాడే గుడ్డ అడ్డంగా లాక్కుంది. బయట ఎవరో జుంగ్రానాకి మంచినీళ్ళు ఇచ్చారు. మా పీపాలోవే.

మంగళవారం మేం స్టేషన్‌కి వెళ్ళేసరికి ఆఫీసరుకి సంగతి తెలిసిపోయింది. ఆయన ఈసారి పరాచికాలాడలేదు. "నవ్వావటగా తాతా," అన్నాడు. తర్వాత అమ్మకేసి తిరిగి, "చట్టానికి నవ్వులూ ఏడుపులూ ఉండవమ్మా. సాక్షిని తీసుకురా, నేను నడిపిస్తాను," అన్నాడు. మంచివాడే, ఆయన్ని ఏమీ అనను.

అమ్మ ఆ ఎండలోనే ఆరూనా దగ్గరికి వెళ్ళింది, నేను వెంట. అతను జుంగ్రానా దగ్గరే పనిలో ఉన్నాడు. కూలిన చెత్తంతా ఎత్తేసి మళ్ళీ కడుతున్నారు. మమ్మల్ని చూసి తట్ట దించి, గోడ చాటుకి వచ్చాడు.

"పెద్దమ్మా, మీరే వదిలేశారు. మీ ఇంటాయనే నవ్వేశాడు. ఇప్పుడు నేను వెళ్ళి చెప్తే ఏమవుతుంది? నా పని పోతుంది, అంతే కదా."

"ఒకే గిన్నెలో గంజి తాగామన్నావు."

"తాగాం. కాదన్నానా? మీరు నవ్వకముందు పోలీసులు అడిగుంటే ప్రాణం పోయినా చెప్పేవాణ్ణి."

తిరిగొచ్చేశాం.

అసలు విషం తర్వాత వచ్చింది. నా బండి దగ్గర తినేవాళ్ళు మాట్లాడుకునే మాటలు వద్దన్నా చెవిన పడతాయి. ఒకరోజు బడి మేస్టరు ఒకాయన, నేనెవరో తెలియనివాడు, స్నేహితుడితో అంటున్నాడు. "కుర్రాడు తాగే ఉంటాడు. లేకపోతే కన్నతండ్రి నవ్వేసి ఊరుకుంటాడా? తప్పు తనవైపు ఉంది కాబట్టే ముసలాయన తేలిగ్గా వదిలేశాడు." స్నేహితుడు అవునని తల ఊపాడు. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పక్కన అమ్మ ఉల్లిపాయలు కోస్తోంది. ఆమె చెయ్యి ఆగింది, మళ్ళీ కదిలింది. జుంగ్రానా ఎంత అరిచినా నమ్మనివాళ్ళు కూడా మా నాన్న నవ్వు విని నమ్మేశారు.

నేను ఊరుకోలేకపోయాను. తాప్సోబాని వెతుక్కుంటూ వెళ్ళాను. కోళ్ళ సంతలో ఉంటాడని చెప్పారు. తాటాకు నీడలో నాటుకోళ్ళ గంప పక్కన కూర్చుని, ఎండకి సొమ్మసిల్లిన కోడి ముక్కులో నీటిచుక్కలు వేస్తున్నాడు. నన్ను గుర్తుపట్టి స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు.

"ఎంతిచ్చాడు మీకు?"

ఆయన స్టూలు మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. "ఇలాంటి వాటికి డబ్బు తీసుకునేవాళ్ళు ఉండొచ్చు. నేను కాదు. మీ నాన్నే రమ్మన్నాడని చెప్తే వచ్చాను."

"మా నాన్నా?"

"అలానే చెప్పారు. సామో పెద్దాయన అలిసిపోయాడు, తగువు ముగించాలని ఉంది, పెళ్ళాం ముందు తనంతట తాను దిగలేకపోతున్నాడు, నువ్వొచ్చి దింపు అన్నారు. పుణ్యమే కదా అని వచ్చాను."

"మా నాన్న ఎవర్నీ పిలవలేదు. మంగళవారం పోలీసుల ముందు నిలబడాలనే చూస్తూ ఉన్నాడప్పుడు."

తాప్సోబా కోడిని నెమ్మదిగా గంపలో పెట్టాడు.

"మరి నవ్వాడేం?" అన్నాడు.

ఆ ప్రశ్న మోసుకుంటూ ఇంటికొచ్చాను. నాన్న వాకిట్లో చాప మీద కూర్చుని ఊరికి తీసుకెళ్ళే సంచి కుట్టుకుంటున్నాడు. తాప్సోబా చెప్పిందంతా చెప్పాను. వింటే మండిపడతాడనుకున్నాను. సూదిలో దారం ఎక్కించుకుంటూ విన్నాడు.

"తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఆయన్ని పంపింది ఎవరో. సందు చివర కారు కనబడుతూనే ఉందిగా. నవ్వకూడదనే పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను తల్లీ ఒడీల్."

"మరి?"

"నవ్వొచ్చింది."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చింది అందామనుకున్నాను. నాన్న సూది కింద పెట్టాడు.

"వాడు పోయినప్పటినుంచీ నాకు ఆ శ్లాబు కిందే కనబడుతున్నాడు. కళ్ళు మూసినా అదే, తెరిచినా అదే. ఆ ముసలాడు గుర్రం మాట చెప్పగానే లేచి నిలబడ్డాడు. చేతిలో గడ్డి. తినవే, తినవే అంటున్నాడు. వాడి గొంతే. వాడు అచ్చం అలాగే చేస్తాడు గదా, గాడిదల దగ్గర ఎన్నిసార్లు చూడలేదు? ఆ ఒక్క క్షణం బాగా కనబడ్డాడు. నవ్వొచ్చేసింది."

గుమ్మం గుడ్డ కదిలింది. అమ్మ అక్కడే నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి ఉందో తెలియదు.

"నాకింకా శ్లాబు కిందే ఉన్నాడు," అంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ పోట్లాడుకోలేదు. పోట్లాడుకుంటే బాగుండేది. అమ్మ వేళకి అన్నం పెట్టేది, స్నానానికి నీళ్ళు తోడేది, మాటమాత్రం ఉండేది కాదు. నాన్న పొద్దున్నే లేచి రోడ్డుమీదకి వెళ్ళేవాడు. మోసీవాళ్ళు ఎవరో ఒకరు "ఏరా సామో, నా చెప్పులు దొంగిలించింది నువ్వేనా?" అని వెంటపడేవాళ్ళు. "కాదండీ," అని తప్పుకుని పోయేవాడు. వాళ్ళు తెల్లబోయి నిలబడేవాళ్ళు. అండీ అనిపించుకున్న మోసీవాళ్ళని నేను అప్పుడే చూశాను.

అమ్మ రోజూ సాయంత్రం ఆ కట్టుబడి దగ్గరికి వెళ్ళి రోడ్డుకి ఇవతల నిలబడి వచ్చేది. ఒకరోజు నేనూ వెళ్ళాను. కొత్త శ్లాబు పోశారు. దాని అంచు చుట్టూ మట్టితో గట్టు కట్టి నీళ్ళు నిలిపారు. ఎండపడి తళతళమంటున్నాయి. గోడ వెంట ధారలుగా కారి కింద దుమ్ములో ఇంకిపోతున్నాయి. గేటు పక్కన నీళ్ళబండ్లు రెండు ఆగి ఉన్నాయి. ఇంకో నాలుగు పీపాలు దించుతున్నారు. అమ్మ ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడింది. ఆమె మొహం నేను చూడలేకపోయాను.

దారిన పోతున్న ఒకావిడ ఆగి, "ఇక్కడేనట తాగుబోతు కుర్రాడెవరో చచ్చిపోయింది," అంది మాతో. ఊరికే, మాట కలపడానికి.

"తాగలేదు," అంది అమ్మ.

"మీకు తెలుసా?"

"నా కొడుకు."

ఆవిడ పాపం ఏం చెయ్యాలో తెలియక, చేతిలో ఉన్న మామిడిపండు అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మే చివర్లో మొదటి వాన పడింది. ముందు దుమ్ము లేచి ఊరంతా ఎర్రటి చీకటి అయింది. తర్వాత చినుకులు. పేటలో పిల్లలంతా బట్టలు విప్పి వీధిలోకి పరిగెత్తారు. మర్నాడు నాన్న సంచి భుజాన వేసుకున్నాడు. జొన్న విత్తాలి. అదును తప్పితే ఏడాదంతా పస్తే.

"పద," అన్నాడు అమ్మతో.

అమ్మ బొబ్బర్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. బస్టాండుకి నేనొక్కదాన్నే వెళ్ళి ఎక్కించాను. కిటికీలోంచి నా తలమీద చెయ్యి పెట్టి, "ఆవిడకి గోంగూర పులుసులో ఉప్పు తగ్గించు. పడదు," అన్నాడు.

అమ్మ నా దగ్గరే ఉండిపోయింది. నా బండి ఇప్పుడు ఇద్దరం నడుపుతున్నాం. ఊళ్ళో కుండలు పొయ్యి పక్కన బోర్లించి ఉన్నాయని, ఇంకెవరి దోలో ఊరికి నచ్చడం లేదని నాన్న ఫోన్లో చెప్పేవాడు. ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు. వానల గురించి, మొలకల గురించి చెప్పి, చివర్లో "వస్తుందా?" అని అడిగేవాడు. నేను అమ్మకేసి చూసేదాన్ని. అమ్మ తల అడ్డంగా ఊపేది. "ఇంకా లేదు నాన్నా," అనేదాన్ని.

జొన్న మోకాలెత్తు పెరిగిన రోజుల్లో ఒక ఆదివారం ఫోన్ చేసి ఏమీ మాట్లాడలేదు. ముందు లైను సరిగ్గా లేదనుకున్నాను. తర్వాత తెలిసింది, ఏడుస్తున్నాడు. నాన్న ఏడుపు నేను పుట్టినప్పటినుంచీ వినలేదు. ఎలా ఏడవాలో తెలియనివాడిలా, ముక్కుతూ, ఊపిరాడక ఆగిపోతూ, మళ్ళీ మొదలుపెడుతూ ఏడుస్తున్నాడు. మధ్యలో బాసిల్, బాసిల్ అంటున్నాడు. ఇక అమ్మ వెళుతుందని, ఈ పీడ విరగడవుతుందని అనుకున్నాను. ఫోన్ తీసుకెళ్ళి ఆమె చెవి దగ్గర పెట్టాను.

అమ్మ చేతిలో పని ఆపి, కళ్ళు మూసుకుని, చాలాసేపు విన్నది.

"ఎక్కడున్నావు?" అని అడిగింది. మూడు నెలల తర్వాత ఆయనతో అన్న మొదటి మాట అది.

"ఇంట్లో," అన్నాడు నాన్న. బయటికి నాకూ వినిపించింది.

"పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. తలుపేసుకున్నాను."

అమ్మ కళ్ళు తెరిచింది.

"నవ్వింది పదిమందిలో," అంది. "ఏడ్చేది తలుపేసుకునా?"

ఫోన్ నా చేతిలో పెట్టేసి, ఏరాల్సిన బొబ్బర్లు దగ్గరికి లాక్కుంది.